ప్యూపిల్ అంటే ఎవరు?

మా కంటి ఆసుపత్రి కింది అంతస్తులో, వరండా చివర ఒక గది ఉంది. దాని తలుపు మీద ఏ బోర్డూ ఉండదు. దారి తెలియనివాళ్ళు నా కళ్ళద్దాల కౌంటరు దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "పెట్టుడు కన్ను వేసేది ఇక్కడేనా అండీ?" అని అడిగేవారు. నేను చెయ్యి చూపించేదాన్ని.

ఆ గదిలో మనిషిని పెద్ద డాక్టరు నుంచి నేల తుడిచే ఆయా దాకా అందరూ పెయింటరు అనేవారు. కొత్తగా చేరిన మేనేజరు ఒకాయన ఆ మాట పట్టుకుని, ఒకరోజు ఆయన్ని మెట్ల దగ్గరికి పిలిపించి, పెచ్చులూడుతున్న గోడ చూపించి, "దీనికి రంగు ఎప్పుడు వేస్తావ్?" అన్నాడు. ఆయన జేబులోంచి తన బ్రష్షు తీశాడు. దానికి పట్టుమని నాలుగు వెంట్రుకలు కూడా లేవు. "దీంతో అయితే, మీరు రిటైరయ్యేలోపు పూర్తి చేసేస్తానండీ" అన్నాడు. మేనేజరు కూడా నవ్వక తప్పలేదు.

నేను మాత్రం ఆయన్ని అన్నయ్యా అనేదాన్ని. మా ఇళ్ళు ఒకే వీధిలో, గోడకి గోడ ఆనుకుని ఉండేవి.

జబ్బు చేసో దెబ్బ తగిలో కన్ను పోగొట్టుకున్నవాళ్ళు ఆయన దగ్గరికి వచ్చేవారు. ఆయన మెత్తటి ముద్దతో ఆ గుంట అచ్చు తీసుకుని, దానికి సరిపడా తెల్లగుడ్డు పోతపోసి, సన్నటి ఎర్ర సిల్కు పోగులు అతికించి నరాలు చేసేవాడు. తర్వాత మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, బతికున్న కంటిని చూస్తూ నల్లగుడ్డుకి రంగు వేసేవాడు. మనం నల్లగుడ్డు అంటాం గానీ అందులో నలుపు తక్కువే. తేనె రంగు, తుప్పు రంగు, ఎండుటాకు రంగు పొర మీద పొరగా పడితేగాని ఒక కన్ను ఇంకో కంటికి జత కాదు. ఆఖర్న మధ్యలో నల్లచుక్క పెడతాడు. ఆయనకు అన్నిటికంటే కష్టం అదే. అసలు కంటిపాప ఎండలో ముడుచుకుంటుంది, చీకట్లో విచ్చుకుంటుంది. పెట్టుడు కన్ను అలా కదలదు. అందుకని వచ్చిన ప్రతి మనిషినీ, "మీరు ఎక్కువసేపు ఎండలో తిరుగుతారా, నీడపట్టున ఉంటారా?" అని అడిగేవాడు. వాళ్ళ జవాబును బట్టి ఆ చుక్క ఎంత ఉండాలో తేల్చేవాడు.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఆయన అన్నా వదినా ఒక పిల్లతో పక్క వాటాలో ఉండేవారు. పిల్లకి ఇంకా మాటలు తిరగకముందే అన్న పోయాడు. వదిన నర్సు. ఆమెకు దూరంగా ఇంకో ఊళ్ళో ఉద్యోగం దొరికింది. అక్కడ హాస్టల్లో నలుగురు ఆడవాళ్ళతో కలిసి ఒకే గది, పైగా రాత్రి డ్యూటీలు. పిల్లని పెట్టుకునే వీలే లేదు.

"ఒక్క ఏడాది చూసుకో మరిదీ. క్వార్టర్సు రాగానే తీసుకెళ్ళిపోతా" అంది.

ఆ ఒక్క ఏడాదీ సాగీ సాగీ ఆరేళ్ళయింది. ఇందులో ఆమె తప్పేమీ లేదు. సెలవు దొరికినప్పుడల్లా పరిగెత్తుకొచ్చేది. వచ్చేటప్పుడు పిల్లకి బూట్లు తెచ్చేది. అవి ప్రతిసారీ బిగుతయ్యేవి. ఆమె ఎంత ఊహించుకుని కొన్నా, పిల్ల పాదం ఆ ఊహని దాటి పెరిగిపోయేది. ఆమె నవ్వుతూనే ఆ బూట్లు మళ్ళీ పెట్టెలో సర్దుకునేది. ఆ నవ్వు చూడలేక నేను ఏదో పని ఉందని ఇంటికి వచ్చేసేదాన్ని.

పిల్లకి బడిలో ఒక పేరుంది గానీ ఇంట్లో, వీధిలో, ఆసుపత్రిలో అందరికీ పాపే. బడి వదలగానే నేరుగా ఆసుపత్రికి వచ్చి, బాబాయి బల్ల పక్కన స్టూలెక్కి కూర్చునేది. సిల్కు పోగులు విడదీయడం దాని పని. ఆయన పొద్దున్నే దానికి రెండు జడలు వేసేవాడు. పాపిడి తీసేటప్పుడు ఆయన మొహం, కంటికి నరాలు అతికించేటప్పటి మొహం ఒకేలా ఉండేవి, ఊపిరి కూడా బిగబట్టేసేవాడు. అయినా ఒక జడ ఎత్తుగా, ఒక జడ పల్లంగా వచ్చేది.

"అన్నయ్యా, కళ్ళు జత చేస్తావు గానీ జడలు జత చెయ్యలేవేం?" అనేదాన్ని.

"కన్ను కదలకుండా కూర్చుంటుందమ్మా. ఇది కూర్చుంటుందా?" అనేవాడు.

పాప అయిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం ఆ గదిలోంచి ఒకటే గోల. ఏమైందో అని నేను కౌంటరు వదిలి వెళ్ళాను. పాప ఇంగ్లీషు హోంవర్కు ఒళ్ళో పెట్టుకుని నడుం మీద చేతులేసుకుని ఉంది.

"ప్యూపిల్ అంటే విద్యార్థి" అంది.

"కాదు, కంట్లో నల్లచుక్క. పొద్దున్నించీ అవే వేస్తున్నాను" అన్నాడు ఆయన.

"మా టీచరు చెప్పింది."

"మా డాక్టరు చెప్పాడు."

"మీ డాక్టరుకి ఇంగ్లీషు రాదేమో!"

"మీ టీచరుకి చూపు ఆనదేమో. తీసుకురా, అత్త దగ్గర మంచి కళ్ళద్దాలున్నాయి."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నాకు వచ్చిన ఇంగ్లీషు ఫ్రేము, లెన్సు, అడ్వాన్సుల దగ్గరే ఆగిపోతుంది. తీర్పు చెప్పడం నా వల్ల కాదని, ఇద్దర్నీ పై అంతస్తులో లైబ్రరీ మేడమ్ దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ అటకమీది పిల్లిలా ఎవరి జోలికీ పోకుండా ఆ పుస్తకాల మధ్య ఉండేది. ఎవరైనా వచ్చి ఏదైనా అడిగితే మాత్రం ఆవిడకి ప్రాణం లేచివచ్చేది. ఇటుకంత మందం డిక్షనరీ రెండు చేతులా మోసుకొచ్చి బల్లమీద పెట్టింది.

వేలితో గీత గీసినట్టు చదువుకుంటూ పోయి, "ఇద్దరూ గెలిచారు. రెండూ ఒక్క ఇంటి మాటలే" అంది. "లాటిన్‌లో పూపా అంటే ఆడపిల్ల. ఆడుకునే బొమ్మ అని కూడా. చిన్న బొమ్మని ముద్దుగా పూపిల్లా అనేవారు. ఎవరి కంట్లోకైనా బాగా దగ్గరగా చూశావనుకో, నల్లచుక్కలో నువ్వే బుల్లి బొమ్మలా కనిపిస్తావు. అందుకని ఆ చుక్కకి ఆ పేరే పెట్టేశారు."

నేను బల్ల మీదికి వంగాను. "మనం కూడా కంటిపాప అనే కదండీ అంటాం!"

"నేనూ అదే అనుకుంటున్నా. వాళ్ళు మనకి చెప్పలేదు, మనం వాళ్ళకి చెప్పలేదు. కంట్లోకి చూసిన మనిషికి ఎక్కడైనా కనిపించేది అదేనేమో. పూపా, పాప అని వినడానికి దగ్గరగా ఉన్నాయి గానీ, రెండిటికీ చుట్టరికం ఉందని మాత్రం ఇందులో రాయలేదు."

"మా సైన్సు పుస్తకంలో సీతాకోకచిలుక ముందు ప్యూపా అవుతుంది" అంది పాప.

"అదీ ఈ ఇంటి పిల్లే. దారాలు కట్టి ఆడించే పప్పెట్ కూడా."

"మరి విద్యార్థి?"

మేడమ్ ఇంకో పేరా చదివింది. ఈసారి చెప్పడానికి కొంచెం తటపటాయించింది. "మొదట్లో ఈ మాటకి చదువుతో సంబంధం లేదమ్మా. అమ్మానాన్నలు లేక, వేరేవాళ్ళ సంరక్షణలో పెరిగే పిల్లల్ని అలా అనేవారట. కోర్టుల్లో వాడే మాట. ఇంకొకరి దగ్గర ఉండి నేర్చుకునేవాళ్ళు అనే అర్థం ఆ తర్వాతెప్పుడో వచ్చింది."

పాప మేడమ్ మొహంలోకి చూసింది. "అంటే నేనేనా?"

నేను కిటికీ వైపు చూశాను. మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది. ఆయనే తేరుకుని, "నీకు అమ్మ ఉంది కదరా. సెలవు దొరకగానే వస్తానంది కదా" అన్నాడు.

"నాన్న లేడుగా. అయితే సగం ప్యూపిల్‌ని" అంది అది, హోంవర్కు లెక్క తేలినంత తేలిగ్గా. వెంటనే బాబాయి బుగ్గలు రెండూ పట్టుకుని, ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరగా జరిగి, కంట్లోకి చూసింది. "ఆఁ! ఉన్నాను! ఇంత బుల్లిగా ఉన్నాను. జడలు కూడా కనిపిస్తున్నాయ్!"

ఆయన రెప్ప వెయ్యలేదు. కంట్లో నీళ్ళు తిరిగినా వెయ్యలేదు.

"రెప్ప వేస్తే పోతానా?"

"మళ్ళీ తెరిస్తే వస్తావులే."

ఆ రోజు నుంచి అది వరండా మొదట్లోనే, "ప్యూపిల్ వస్తోంది, తలుపు తియ్ బాబాయ్!" అని కేకేసేది. వరసలో కూర్చున్న రోగులు కూడా నవ్వేవారు.

ఆ ఏడు పరీక్షలు అయిపోయాక వదిన వచ్చింది. ఈసారి బూట్లతో కాదు, క్వార్టర్సు తాళంచెవితో వచ్చింది. రెండు గదులు, కిటికీ ఎదురుగా ఆటస్థలం, నడిచి వెళ్ళేంత దూరంలో బడి. పాప కాలు ఒకచోట నిలవలేదు. వీధి వీధంతా తిరిగి, "మా అమ్మతో వెళ్ళిపోతున్నా" అని చెప్పి వచ్చింది. నాకైతే రెండుసార్లు చెప్పింది. అంత సంతోషం దాని మొహంలో నేనెప్పుడూ చూడలేదు. ఇన్నాళ్ళూ ఆ పిల్ల కూడా లోపల్లోపల అమ్మ కోసం కళ్ళల్లో ఒత్తులేసుకుని ఉందని అప్పుడు తెలిసింది. ఆయనకీ అప్పుడే తెలిసుంటుంది.

బట్టలన్నీ ఆయనే మడిచాడు. సామాను ఆటోలో పెట్టాక వదినతో, "ఎడమవైపు జుట్టు కాస్త పలచన వదినా. గట్టిగా లాగితే తలనొప్పి అంటుంది. పాలు వేడిగా తాగదు, మరీ చల్లారినా తాగదు. ఉరుములు వస్తే మాత్రం భయం లేదని ఊరికే పైకి అంటుంది" అన్నాడు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా పిల్ల సంగతులు నువ్వు నాకు చెప్పాల్సొచ్చింది చూడు" అంది. అందులో నిష్ఠూరం లేదు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేకపోయారు.

బస్సెక్కించి వచ్చాక, "ఏడ్చిందా అన్నయ్యా?" అని అడిగాను.

"లేదమ్మా. కిటికీ సీటు కావాలని పరిగెత్తింది. అవతలివైపు దొరికింది" అన్నాడు. అంటే చెయ్యి ఊపడానికి కూడా పిల్ల కనపడలేదన్నమాట.

పిల్లలు పెద్దవాళ్ళ మీద బెంగ పెట్టుకుని జ్వరం తెచ్చుకోవడం అందరికీ తెలిసిందే. ఈయన పిల్ల మీద బెంగ పెట్టుకుని మంచమెక్కాడు. మా ఆసుపత్రి డాక్టరు మందులు రాసిచ్చి, "ఒంట్లో ఏమీ లేదయ్యా" అన్నాడు. "అదేనండీ, ఇంట్లో కూడా ఏమీ లేదు" అన్నాడు ఈయన.

లేచి తిరగడం మొదలయ్యాక, సాయంత్రం టీకని వెళ్ళి బడి గేటు దగ్గర నిలబడేవాడు. కావాలని వెళ్ళేవాడు కాదు, ఆ వేళకి కాళ్ళే తీసుకెళ్ళేవి. పిల్లలందరూ వెళ్ళిపోయాక వాచ్‌మన్, "మన పాప లేదు కదండీ" అనేవాడు. "అవునవును, ఇటు పని ఉండి వచ్చా" అని తిరిగొచ్చేవాడు. వంట చేసుకుంటూ, "ఉప్పు సరిపోయిందా?" అని అడగడం గోడ ఇవతల మా ఆయనకి వినిపించేది. మా ఆయన ఒకరోజు ఉండబట్టలేక ఇటునుంచి, "సరిపోయింది బావా!" అన్నాడు. అటువైపు చాలాసేపటికి నవ్వు వినిపించింది.

ఫోన్లు వచ్చేవి. మొదట్లో రోజూ, తర్వాత ఆదివారాలు, తర్వాత పుట్టినరోజుకి. ఆయనకి వెళ్ళి చూడాలని ఎంత ఉన్నా, వదిన ఒక మాట అడిగింది. "దానికి ఇక్కడ ఇంకా కుదురు చిక్కలేదు మరిదీ. నిన్ను చూస్తే మళ్ళీ మొదటికొస్తుంది. కొన్నాళ్ళు ఆగు" అంది. సరేనన్నాడు. ఆ కొన్నాళ్ళు కూడా, ముందటి ఒక్క ఏడాదిలాగే, సాగుతూ పోయాయి.

చివరికి పాప తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన బయల్దేరాడు. వెళ్ళేముందు నన్ను వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళి బూట్లు కొన్నాడు. ఎంత సైజు అని షాపతను అడిగితే, అరచేతులు రెండూ దూరంగా పెట్టి చూపించి, మళ్ళీ ఇంకొంచెం దూరం జరిపాడు.

మూడో రోజు సాయంత్రానికే తిరిగొచ్చాడు. వారం ఉంటానని వెళ్ళిన మనిషి. నేను టీ పెట్టిచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"ఎలా ఉంది అన్నయ్యా పాప?"

"బాగుంది. నా భుజం దాటింది. వాళ్ళమ్మ పోలిక. చదువులో ఫస్టు." కప్పు కింద పెట్టాడు. "తలుపు తీసి, 'బాగున్నారా బాబాయిగారూ, లోపలికి రండి' అంది. నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశానమ్మా."

"పెద్దదయింది కదా, మర్యాద…"

"మర్యాదేలే. వాళ్ళమ్మ కూడా అదే అంది, 'మర్యాద ఎంత బాగా నేర్పానో చూశావా' అని. నిజంగానే బాగా నేర్పింది. మంచినీళ్ళు పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. 'ప్రయాణం బాగా జరిగిందా మీకు' అంది. మీకు!" ఆయన తల అడ్డంగా ఊపాడు. "నువ్వు నువ్వు అంటూ నా నెత్తినెక్కి తిరిగిన పిల్ల. ఒక్కసారి నోరు జారుతుందేమోనని రెండు రోజులూ కాచుక్కూర్చున్నా. జారలేదు."

"బూట్లు?"

"పట్టలేదు. వేళ్ళ దగ్గరే ఆగిపోయాయి." కప్పు అవతలికి జరిపాడు. "వదిన ఆ పెట్టె నా చేతిలోంచి తీసుకుని, 'నాకూ ఇలాగే అయ్యేది మరిదీ' అంది. అంతే. ఇద్దరం చాలాసేపు అక్కడే కూర్చున్నాం."

ఆ తర్వాత చాలాకాలం ఆయన పాప మాట ఎత్తలేదు. కానీ చిన్నపిల్లలు వస్తే ఎక్కువసేపు తీసుకునేవాడు. పెరిగే పిల్లలకి కంటి గుంట కూడా పెరుగుతుంది కాబట్టి, కొన్నాళ్ళకొకసారి కొత్త కన్ను వెయ్యాలి. అలా ఏటా కొడుకుని తీసుకుని ఒకావిడ వచ్చేది. పెళ్ళిళ్ళకి, షాపులకి బోర్డులు రాసి బతికే మనిషి. చెయ్యి మంచి నిలకడ. కొడుక్కి రంగు వేస్తుంటే వెనకనుంచి చూస్తూ, "ఇక్కడ కాస్త పసుపు తగ్గిందేమో అండీ" అనేది. నిజంగానే తగ్గేది. ఆయన చేతికి వణుకు మొదలైన ఏడు, ఆసుపత్రివాళ్ళకి చెప్పి ఆవిడనే పనిలో పెట్టించాడు. ఆవిడ మాస్టారూ మాస్టారూ అంటూ నేర్చుకుంది.

"మొత్తానికి నీకో ప్యూపిల్ దొరికింది అన్నయ్యా" అన్నాను ఒకరోజు.

"డిక్షనరీలో కూడా ఇది ఆఖర్న వచ్చిన అర్థమే కదమ్మా" అన్నాడు. నవ్వాడు గానీ బ్రష్షు పక్కన పెట్టి కాసేపు బయటికి వెళ్ళొచ్చాడు.

పాప చదువు పూర్తి చేసి, ఉద్యోగంలో చేరి, ఆఫీసు పని మీద మా ఊరు వచ్చింది. హోటల్లో గది ఉన్నా బాబాయి ఇంట్లోనే దిగింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. నన్ను గుర్తుపట్టి, "అత్తా, ఇంకా కళ్ళద్దాలు అమ్ముతున్నారా?" అంది. ముగ్గురం కలిసి సాయంత్రం నడకకి వెళ్ళాం. ఆయన దానివైపే చూస్తూ రోడ్డు దాటబోయాడు. మలుపులోంచి లారీ వచ్చింది. పాప ఆయన చొక్కా పట్టుకుని ఒక్క లాగు లాగి, "ఏం చేస్తున్నావ్ బాబాయ్! చూసుకోవా? బుద్ధుందా నీకు?" అని అరిచింది.

ఆయన మొహం చూడాలి. ఎవరో పిలిచి వరమిచ్చినట్టుంది.

"నవ్వుతారేంటి! ఎంత భయమేసిందో తెలుసా మీకు?" అంది పాప. మళ్ళీ 'మీరు'లోకి వెళ్ళిపోయింది. తను ఏమందో, ఆయన ఎందుకు నవ్వాడో దానికి తెలియదు. మేం చెప్పలేదు.

ఆ రాకతో ఫోన్లు మళ్ళీ మొదలయ్యాయి. ఇప్పుడు వదిన కూడా రిటైరై పాప దగ్గరే ఉంటోంది. ఆయన కూడా పని మానేశాడు. వాళ్ళ సందులోనే ఆయన కోసం ఒక చిన్న వాటా చూశామని, వచ్చెయ్యమని తల్లీకూతుళ్ళిద్దరూ ఒకటే పోరు. ఆయన వెళ్ళి చూసొచ్చాడు. కుళాయి నీళ్ళు బాగాలేవన్నాడు. ఇంకోసారి వెళ్ళి, మెట్లు ఎత్తన్నాడు.

"అసలు సంగతి చెప్పు అన్నయ్యా" అన్నాను.

"అక్కడుంటే అది ఆఫీసు నుంచి ఎప్పుడొస్తుందా అని చూడాలి. వచ్చాక అలసిపోయి పడుకుంటే, రేపెప్పుడు మాట్లాడుతుందా అని చూడాలి. ఎదురుచూడ్డం ఎక్కడైనా ఒకటే. ఇక్కడైతే నాకు అలవాటైన కుర్చీ ఉంది."

నాక్కూడా ఆయన వెళ్ళడం ఇష్టం లేదు. గోడ అవతల అలికిడి లేకపోతే మా ఇల్లు కూడా బోసిపోతుంది. ఆ మాట పైకి అనలేదు.

నిన్న ఫోనులో ఆయన, "అలాగేలేమ్మా, చూద్దాంలే" అనడం వినిపించింది. రోజూ వినిపించే మాటే. సామాను ఏదీ కదిలినట్టు లేదు. కిటికీలో తువ్వాలు ఎప్పట్లాగే ఆరుతోంది. కానీ పొద్దున పాలబ్బాయి మా ఇంట్లో పాలు పోస్తూ, "పక్కింటి పెద్దాయన వచ్చే నెల నుంచి పాలు వద్దన్నారండీ, ఊరెళ్తున్నారా?" అని అడిగాడు. నాకింకా ఆయన ఏమీ చెప్పలేదు.